గుర్రంతో ప్రయాణం
అమెరికాలో గుర్రాల పోటీలకు వెళ్లేవారు కొందరు పికప్ ట్రక్కు మీద చిన్న గదిలాంటి క్యాంపర్ ఎక్కించి, వెనక గుర్రపు ట్రెయిలర్ తగిలిస్తారు. అసలు నేర్పంతా గుర్రాన్ని ఎక్కించడంలో ఉంది. లోపలికి నడిపించాక మొదట వెనకవైపు అడ్డకమ్మీ బిగించాలి, ఆ తర్వాతే తలతాడు కట్టాలి. దించేటప్పుడు మొదట తలతాడు విప్పాలి. ఈ వరస తప్పితే, కట్టి ఉన్న గుర్రం వెనక్కి గుంజుకుని బెదిరిపోతుంది. ప్రయాణమంతా లోపల సుమారు 500 కిలోల ప్రాణి నాలుగు కాళ్ల మీద తూకం నిలుపుకుంటూ నిలబడి ఉంటుంది, పాపం. అందుకే మంచి డ్రైవరు మలుపుకు చాలా ముందే వేగం తగ్గిస్తాడు, బ్రేకు మెత్తగా నొక్కుతాడు. మూడు నాలుగు గంటలకోసారి ఆగి నీళ్లు పెడతాడు. ట్రెయిలర్ పక్కనే బస చేసిన రాత్రి, గుర్రం గడ్డి నమిలే చప్పుడు క్యాంపర్‌లో పడుకున్నవారికి వినిపిస్తూనే ఉంటుంది.