‘ఫైన్’ ఎంత సన్నం?

ఇంగ్లిష్‌లో ‘ఫైన్’ అనే విశేషణానికి అర్థం దాని పక్కన చేరే నామాన్ని బట్టి మారుతుంది. ఆకాశానికి చేరితే తెరిపి, ఆరోగ్యానికి చేరితే కులాసా, దారానికీ గింజకూ చేరితే సన్నదనం అవుతుంది. అంతం అనే అర్థమున్న లాటిన్ ‘ఫీనిస్’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి మేలిమిని, ఆపై నాజూకుతనాన్ని తెలిపే మాటగా స్థిరపడింది. జరిమానా అనే అర్థంలో వాడే ‘ఫైను’ కూడా ఆ మూలం నుంచే, వివాదాన్ని ముగించే చెల్లింపుగా పుట్టింది.

వ్యాపారం మాత్రం విశేషణాన్ని అంకెల్లోకి దింపనిదే ఊరుకోదు. సిరిసిల్ల మగ్గాల లోకంలో నూలు సన్నదనాన్ని కౌంటుతో, అంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉన్నాయన్న లెక్కతో చెబుతారు కనుక అంకె పెరిగితే దారం సన్నబడుతుంది. పాలిస్టర్‌కు వాడే డెనియర్ 9,000 మీటర్ల దారం బరువును గ్రాములలో చెప్పేది కనుక అక్కడ అంకె తగ్గితేనే దారం సన్నం.

మల్లాపూర్ వంటి వరి మండలాల్లో ఈ విశేషణం నేరుగా రైతు రాబడిని తాకుతుంది. 2024 వానకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తూ, పొట్టు తీసిన గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు, పొడవును వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 2.5 కంటే ఎక్కువ ఉండాలని నిర్ణయించింది. కేంద్రం మద్దతు ధర కోసం చేసిన ‘కామన్’, ‘గ్రేడ్–ఎ’ విభజన ఆ నిష్పత్తి మీదనే నిలిచి, పొడవుకు పరిమితి పెట్టదు. అందువల్ల మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1010, ‘కాటన్‌దొర సన్నాలు’ అనే పేరుతోనే విడుదలైనా, గింజ పొడవు 6 మిల్లీమీటర్లు దాటుతుంది కనుక గ్రేడ్–ఎ కాగలదు గాని తెలంగాణ లెక్కలో దొడ్డు రకమే. బాపట్ల సాంబమసూరి, తెలంగాణ సోనా, జగిత్యాల శివారు పొలాసలోని పరిశోధన కేంద్రం ఇచ్చిన ‘జగిత్యాల సన్నాలు’ మాత్రం కొలతలోనైనా, వాడుకలోనైనా, వంటింట్లోనైనా సన్నాలే.

రైతు నోట సన్నం అన్న మాటకు తినడానికి బాగుండేది, అడిగి కొనేవారున్నది అనే అర్థాలు కలిసే ఉంటాయి. కొలతలో ఆ రెండూ లేవు. కొలత ఉండడంలో అన్యాయమేమీ లేదు, పైగా కంటిచూపుతో తేల్చే తీర్పు కంటే అదే మేలు. కాని నారు పోసే నాటికి తెలియవలసిన అర్థం కొనుగోలు కేంద్రంలో వడ్లు కుప్ప పోశాక తెలియడం రైతుకు నష్టం కనుక, విత్తనపు సంచి మీద రకం పేరు పక్కనే గింజ పొడవు, వెడల్పు, బోనస్ వర్తిస్తుందో లేదో తెలుగులో అచ్చు వేయించడం ప్రభుత్వం వెంటనే చేయవలసిన పని.