రెప్ప మీద కాకిబంగారం

ఆదివారం ఉదయం ఎనిమిదింటికల్లా ఈ కాలమ్ రాసే ఆవిడ మోచేతి లోపలివైపు పదకొండు రంగుల పట్టీలు తేలాయి. వచ్చే నెల మేనకోడలి పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. "అత్తా, నా కళ్లకు ఏది నప్పుతుందో నువ్వే తేల్చాలి" అంటూ ఆ పిల్ల నాలుగు ఐషాడో పాలెట్లు తెచ్చి ఒళ్లో పెట్టింది. ఒకటి రెండు వందల లోపు దొరికేది, ఇంకొకటి దానికి పదిహేను రెట్ల ఖరీదు, మిగతా రెండూ మధ్యరకం. నాలుగింటికీ పేర్లు కనపడకుండా కాగితాలు అంటించి, అంకెలు వేయించింది ఆవిడ. ధర తెలిస్తే కన్ను ముందే తీర్పు చెప్పేస్తుందని ఆమె భయం.

డబ్బాలో కనిపించే రంగుకీ, ఒంటి మీద కనిపించే రంగుకీ చుట్టరికం తక్కువ. కొట్లో అందరూ వేలితో రాసి చూస్తారు. వేలి జిడ్డు, వెచ్చదనం పొడిని చర్మానికి అదిమి అంటిస్తాయి కాబట్టి ఏ రంగైనా నిండుగా ఉంటుంది. పెళ్లికూతురికి వేసేది మాత్రం బ్రష్‌తో. అందుకే ఆవిడ ప్రతి షేడ్‌నీ రెండుసార్లు రాసింది, ఒకసారి వేలితో, ఆ పక్కనే బ్రష్‌తో. ఒకటో నంబరులోని ఊదా మ్యాట్, అంటే మెరుపు లేని రంగు, వేలితో రాస్తే వంకాయ రంగులో చిక్కగా వచ్చింది, బ్రష్‌తో రాస్తే మచ్చలు మచ్చలుగా తేలిపోయింది. ఊదా మ్యాట్‌తో ఈ పేచీ చాలా పాలెట్లలో ఉన్నదే. మూడో నంబరులో అదే ఊదా రెండు పట్టీలూ ఒకేలా వచ్చాయి. పాలెట్ నాణ్యత తేల్చడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష ఆమెకు తెలియదు.

తర్వాత రెప్పల వంతు. మేనకోడలిది చామనఛాయ. లేత గులాబీ, లేత పీచ్ మ్యాట్‌లు ఏ పాలెట్‌వి వేసినా రెప్ప మీద విభూతి రాసినట్టే కనిపించాయి. దానికి కారణం టైటానియం డయాక్సైడ్. గోడల తెల్ల పెయింట్లో ఉండేదీ అదే. రంగును లేతగా చేయాలంటే ఆ తెలుపే కలుపుతారు. తెల్లటి ఒంటి మీద అది ఇట్టే కలిసిపోతుంది, మన ఒంటి మీద పొరలా నిలబడుతుంది. తేనె, ఇటుక, కాఫీపొడి రంగులు అలా కాదు. అవి ఐరన్ ఆక్సైడ్లు. ఎరుపు, పసుపు, నలుపు, ఈ మూడింటినీ పాళ్లు మార్చి కలిపితే గోధుమ రంగులు ఎన్నయినా పుడతాయి. అరుగులకు పూసే జాజుకు ఎరుపునిచ్చే ఇనుమే ఇక్కడా ఉన్నది. 2010లో అమెరికాలో అర్బన్ డికే కంపెనీ తెచ్చిన 'నేకెడ్' పాలెట్‌లో 12 షేడ్లుంటే, ఎక్కువభాగం ఇసుక, కంచు, గోధుమ రంగులే. 2018లో దాన్ని ఆపేసే నాటికి ఆ తరహా పాలెట్ లేని కొట్టు లేదు. చామనఛాయ వాళ్లకు ఆ గాలి మేలే చేసింది.

షిమ్మర్ దగ్గరికి వచ్చాక ఆవిడ గంటసేపు కదల్లేదు.

ఆ మెరుపు అభ్రకానిది. మన పల్లెల్లో కాకిబంగారం అంటారు. వెంట్రుక మందాన్ని మించని అభ్రకపు రేకుల మీద టైటానియం డయాక్సైడ్‌ను మరీ పల్చటి పూతగా పట్టిస్తారు. పూత కొన్ని పదుల నానోమీటర్లుంటే వెండిలా మెరుస్తుంది. కాస్త మందమైతే బంగారం, ఇంకాస్త పెరిగితే ఎరుపు, నీలం, ఆకుపచ్చ. వాన నీళ్ల మీద తేలే నూనెపొరలో రంగులు కనిపించడం వెనకున్నదీ ఇదే కిటుకు. మ్యాట్‌లో బూడిదలా తేలిన పదార్థమే ఇక్కడ బంగారమవుతోంది. నాలుగో నంబరులోని ఒక షేడ్ ఎదురుగా చూస్తే గోధుమ రంగు, పక్కకు తిరిగితే నెమలి మెడ. దాన్ని ఆవిడ వరండా ఎండలో, ట్యూబ్‌లైట్ కింద, పూజగదిలోని పసుపు బల్బు దగ్గర తిప్పి తిప్పి చూసింది. పొడి బ్రష్‌తో రాస్తే రేకులు అడ్డదిడ్డంగా పడి మెరుపు చెదిరింది, చెంప మీదికి రాలింది కూడా. బ్రష్ కొద్దిగా తడిపి అద్దితే రేకులన్నీ వెల్లకిలా పరుచుకుని అద్దంలా వెలిగాయి. గ్లిటర్‌ను మాత్రం ఆవిడ పక్కన పెట్టేసింది. అందులో ఎక్కువగా ఉండేవి పెద్ద ప్లాస్టిక్ ముక్కలు, కంట్లో పడితే నల్లగుడ్డును గీరే ప్రమాదం ఉంది.

పాత ఇస్త్రీపెట్టె విప్పినవాళ్లకు తీగ చుట్టిన అభ్రకపు పలకలు గుర్తుండే ఉంటాయి. గూడూరు, సైదాపురం వైపు గనుల నుంచి లేతాకుపచ్చ ఛాయ ఉన్న నెల్లూరు మైకా ఒకప్పుడు దేశదేశాలకు వెళ్లింది. జార్ఖండ్‌లో కోడర్మా, గిరిడీహ్ పరిసరాల్లో ఇప్పటికీ పాత గనుల చుట్టూ తుక్కు అభ్రకాన్ని ఏరతారు. అలా ఏరేవాళ్లలో పసిపిల్లలున్నారన్న సంగతి బయటపడ్డాక, 2017లో కంపెనీలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్‌ను మొదలుపెట్టాయి. కొందరు తయారీదారులు కొలిమిలో చేసే కృత్రిమ అభ్రకానికి మారారు. లేబుల్ మీద 'సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్' అని ఉంటే అదే. గని నుంచి వచ్చినదైతే మైకా అనో, సీఐ (కలర్ ఇండెక్స్) 77019 అనో ఉంటుంది. ఆవిడ చేతిమీది పట్టీల్లో రెండు రకాలూ ఉన్నాయి. మెరుపు చూసి ఏది ఏదో చెప్పడం ఆమె వల్ల కాలేదు. ఆ రేకును ఏ చెయ్యి ఏరిందో ఇక రెప్ప మీద చూసి ఎలా తెలుస్తుంది? ఆ ఊహ ఆవిడను చాలాసేపు వదల్లేదు.

లేబుళ్లు చదవడం వల్ల ఇంకో చిక్కు బయటపడింది. మూడో నంబరులో పట్టుచీర అంచుకు సరిగ్గా సరిపోయే కుంకుమ ఎరుపు ఉంది. మేనకోడలి మనసు దాని మీదే. వెనక సన్నటి అక్షరాల్లో ఆ షేడ్ కళ్ల చుట్టూ వాడేందుకు కాదని రాసి ఉంది. రెడ్ 6, రెడ్ 7 లాంటి కొన్ని ఎరుపు రంగులకు అమెరికాలో కళ్ల దగ్గర వాడే అనుమతి లేదు. అందుకే కొన్ని పాలెట్లు అలాంటి షేడ్లను ఐషాడో అనకుండా 'ప్రెస్డ్ పిగ్మెంట్' అంటాయి. రెండో నంబరులోని ఎరుపు కార్మైన్, సీఐ 75470. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే పురుగుల నుంచి తీస్తారు, ఎక్కువగా పెరూలో. "పెళ్లిలో పురుగు రంగు వద్దత్తా" అంది శాకాహారి పిల్ల. ఇక మిగిలింది ఒకటో నంబరులోని ఇటుక ఎరుపు, ఉత్త ఐరన్ ఆక్సైడ్.

ఆఖరిది కాలపరీక్ష. కనురెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చనిది. నిమిషానికి పదిహేనుసార్లు రెప్ప వేసినా ఎనిమిది గంటల్లో 7,200 సార్లు ఆ చర్మం మడత పడుతుంది. మేనకోడలి కుడి రెప్పకు రంగు కింద వేసే ప్రైమర్ రాసి, ఎడమదాన్ని ఒట్టిగా వదిలి, రెండింటికీ అవే రంగులు వేసి వంటింటి పనికి పంపింది ఆవిడ. పన్నెండు కాకముందే ఎడమ రెప్ప మడతలో రంగు గీతలా పేరుకుంది. నాలుగింటికి కుడి రెప్ప పొద్దున్న ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది.

మేకప్ చేసే అమ్మాయికి ఇవ్వడానికి చీటీ రాశారు: ప్రైమర్, పైన తేనె రంగు మ్యాట్, చివర ఇటుక ఎరుపు, రెప్ప నడుమ తడి బ్రష్‌తో నాలుగో నంబరు మెరుపు. అప్పుడు కాగితాలు విప్పారు. ఇటుక ఎరుపు రెండు వందల లోపు పాలెట్‌లోది. అన్నిటికన్నా ఖరీదైన రెండో నంబరు నుంచి చీటీలోకి ఒక్క రంగూ ఎక్కలేదు. మండపం లైట్ల కింద చూడడం ఇంకా మిగిలే ఉంది. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ దీపాలు వేసి ఉంచమని మేనేజరుకు చెప్పి, ఆవిడ అలారం పెట్టుకుంది.