కన్ను ఉన్న చోటు గీతకి తెలియాలి

చిత్రకారుడు ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీస్తే చాలు. డిజైన్ చదివే పిల్లలకి ఆ వెసులుబాటు లేదు. వాళ్లు గీయాల్సింది ఇంకా పుట్టని వస్తువు. రేపు తయారు కాబోయే కుర్చీ, మంచినీళ్ల సీసా, ఎలక్ట్రిక్ ఆటో. వాటిని ఎవరూ చూసి ఉండరు. అయినా కాగితం మీద అవి బరువుగా నేలని ఆనుకుని కూర్చోవాలి, వెనక వైపు ఎలా ఉంటుందో చూసేవాడికి అనుమానం రాకూడదు, పక్కన ఒక మనిషిని నిలబెడితే కొలత ఇట్టే తెలిసిపోవాలి. అందుకే డిజైన్ బడుల్లో మొదటి ఏడాది వస్తువునీ మనిషినీ లోతున్న చోట నిలబెట్టి గీయడం మీదే ఎక్కువ కష్టపెడతారు.

ఈ విద్యలో పనితనం ఎక్కడ దాగుందో చూపించడానికి విజయనగరం కన్నా మంచి తరగతి గది ఉండదు. గంట స్తంభం, బొబ్బిలి వీణ, సిరిమాను. ఈ మూడూ సరిగ్గా గీయగలిగిన చేయి ఇంక దేనికీ తడబడదు.

గంట స్తంభం 1885 నాటి కట్టడం. 68 అడుగుల ఎత్తు, ఎనిమిది పలకలు. కాస్త దూరం నుంచి ఒక పలకకి సరిగ్గా ఎదురుగా నిల్చుంటే మూడు పలకలు కనిపిస్తాయి. ఎదుటి పలక వెడల్పు 10 అనుకుంటే అటూ ఇటూ పలకలు ఒక్కొక్కటీ 7 మాత్రమే కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మూడింటినీ సమానంగా గీసేస్తారు. అవి సమానమని వాళ్లకి ముందే తెలుసు మరి! ఆ తెలివిడే బొమ్మని చెడగొడుతుంది, స్తంభం కాస్తా అట్టముక్కలా చదునైపోతుంది. చేయి తిరిగినవాళ్లు ముందు కన్ను చెప్పిన కొలత వేస్తారు. ఆ తర్వాత బుర్రకి తెలిసిన సంగతిని వేరే పనికి వాడతారు. నేల మీద ఒక చదరం వేసి, నాలుగు మూలలూ కోసి అష్టకోణం చేస్తారు. మనకి కనిపించని వెనక పలకల్ని కూడా, కట్టడం గాజుతో చేసిందన్నట్టు, పలచని గీతతో పూర్తిగా వేస్తారు. పైన కూడా అదే అష్టకోణం వేసి నిలువు గీతలతో కలుపుతారు. వెనక గీతల్ని తర్వాత ఎవరూ పట్టించుకోరు. కానీ ముందు గీతల్లో ఉన్న ధీమా వాటి వల్ల వచ్చిందే.

ఇక కంటి మట్టం. రోడ్డు మీద నిల్చున్న మనిషి కన్ను నేలకి దాదాపు అయిదడుగుల ఎత్తున ఉంటుంది. స్తంభం మీద ఆ ఎత్తులో ఉన్న అంచు అడ్డంగా, తిన్నగా కనిపిస్తుంది. అంతకన్నా పైనున్న అంచులన్నీ దూరం పోయే కొద్దీ కిందికి వాలతాయి, కిందున్నవి పైకి లేస్తాయి. ఎంత ఎత్తుకి పోతే అంత ఎక్కువ వాలు. ఈ ఒక్క లెక్క తప్పకుండా గీసిన బొమ్మ చూస్తే, గీసినవాడు రోడ్డు మీద నిల్చున్నాడా, ఎదురు మేడ కిటికీలోంచి చూశాడా అన్నది కూడా చెప్పేయొచ్చు.

గడియారం దగ్గర ఇంకో సూక్ష్మం ఉంది. పక్కకి నడిచి, గడియారం ఉన్న పలకని ఏటవాలుగా చూడండి. గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుందని అందరూ అంటారు. అది గుడ్డు కాదు, దీర్ఘవృత్తం. దానికి మొనలు ఉండవు, రెండు సగాలూ అచ్చంగా ఒకటే. అది ఏ వంపున ఒరగాలో చెప్పే సూత్రం ఒకటుంది. ముళ్లు తిరిగే ఇరుసు పలకలోంచి ఏ దిక్కుకి పొడుచుకొస్తుందో, దీర్ఘవృత్తపు పొట్టి అక్షం ఆ దిక్కునే ఉండాలి. సైకిల్ చక్రానికీ, స్టీలు గ్లాసు మూతికీ, స్కూటర్ హెడ్‌లైట్‌కీ ఇదే సూత్రం. స్కెచ్‌లో చక్రం ఊడిపోతున్నట్టు కనిపిస్తే, నూటికి తొంభై సార్లు తప్పు ఇక్కడే దొరుకుతుంది.

గంట స్తంభం అంచులు తిన్ననివి కాబట్టి స్కేలు పట్టుకుని ఎలాగో నెట్టుకురావచ్చు. వీణ దగ్గర ఆ ఆటలు సాగవు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు వారు తరతరాలుగా చెక్కుతున్న వీణ పనస కర్రది. ఒకే మానులోంచి తీసినదాన్ని ఏకాండి వీణ అంటారు. ఒక చివర కుండ, మధ్యలో పొడుగాటి దండి, రెండో చివర వంగి చూసే యాళి ముఖం, దాని దగ్గర కింద బుర్ర. అంటే ఒక అర్ధగోళం, సన్నబడే గొట్టం, ఒక శిల్పం, ఒక గోళం. డిజైన్ విద్యార్థికి కావాల్సిన ఆకారాలన్నీ ఒక్క వస్తువులో ఉన్నాయి. ముందు వీణ మొత్తాన్ని ఒక పొడుగాటి పెట్టెలో పెట్టినట్టు ఊహించి, ఆ పెట్టెని గీయాలి. కుండకీ బుర్రకీ మధ్య ఇరుసు గీత లాగాలి. ఆ తర్వాతే గుండ్రాలు.

అసలు పరీక్ష మెట్ల దగ్గర ఉంది. వీణకి 24 మెట్లు. మైనంలో కూర్చోబెట్టి, చెవితో సరిచూసి బిగిస్తారు. ఒక స్థాయికి 12 మెట్లు చొప్పున రెండు స్థాయిలు. తీగ సగానికి కుదించుకుంటే స్వరం ఒక స్థాయి పైకెళుతుంది. కాబట్టి మొదటి 12 మెట్లూ తీగ పొడవులో సగం ఆక్రమిస్తే, తర్వాతి 12కీ మిగిలేది పావు వంతే. యాళి వైపు మెట్లు ఎడంగా, కుండ వైపు దగ్గర దగ్గరగా ఉండటానికి కారణం ఇదే. ఇప్పుడు వీణని యాళి వైపు నుంచి చూడండి. మెట్లు అసలే దగ్గర పడుతున్నాయి, దూరం వాటిని ఇంకా దగ్గర చేస్తుంది. చివరికి వచ్చేసరికి ఎడమన్నదే కనిపించదు. అటు తిరిగి కుండ వైపు నుంచి చూస్తే రెండు లెక్కలూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. దూరంగా ఉన్న మెట్లు నిజానికి ఎడంగా ఉన్నా, దూరం వాటిని కుదించేస్తుంది. మెట్లన్నీ దాదాపు ఒకే ఎడంలో ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఆ భ్రమని నమ్మి, ఏ వైపు నుంచైనా సమానమైన గీతలే గీసుకుంటూ పోయినవాడి వీణ వాయించడానికి పనికిరాదని సంగీతం తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. ఒక వస్తువు ఎందుకలా ఉందో తెలుసుకున్నాకే దాన్ని దూరంలోకి తిప్పి గీయడం సాధ్యమవుతుంది. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ సంగతే.

మనిషి దగ్గరికి వద్దాం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. పొడుగాటి చింతమానుని బండికి అమర్చి, దాని కొసన పూజారిని కూర్చోబెట్టి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. కింద ఇసకేస్తే రాలని జనం. డిజైన్ విద్యార్థి స్కెచ్‌బుక్‌కి ఇంతకన్నా మంచి రోజు ఏడాదిలో ఉండదు.

జనాన్ని గీయడానికి భయపడక్కర్లేదు. చదునైన నేల మీద మీరూ నిల్చుని, వాళ్లూ నిల్చుని ఉంటే, మీ ఎత్తు ఉన్న ప్రతి మనిషి కన్నూ మీ కంటి మట్టం గీత మీదే పడుతుంది. రెండు గజాల దూరంలో ఉన్నా, రెండు వందల గజాల దూరంలో ఉన్నా అంతే. మారేది పాదాల చోటు. దగ్గరివాళ్ల పాదాలు కాగితం కిందికి, దూరంవాళ్లవి గీత దగ్గరికి. తలలన్నీ ఒక తీగకి కట్టినట్టు ఉంటాయి. ఇటలీలో అల్బెర్టీ 1435లో రాసిన చిత్రకళా గ్రంథంలోనే ఈ సంగతి ఉంది. భుజాల మీదున్న పిల్లలూ, మేడల మీదున్న ఆడవాళ్లూ ఆ తీగకి పైన. తండ్రి చేయి పట్టుకుని నడిచే పిల్లాడు కింద. అంతటితో జనం పుట్టేస్తుంది.

మాను కష్టం వేరు. అది మొదట్లో లావు, కొసకి సన్నం. పైగా ఒక్కోసారి మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది. అలా వచ్చేటప్పుడు దాని పొడవు కాగితం మీద జానెడైనా ఉండదు. దాన్ని పొడుగ్గా గీయాలని చేయి లాగుతుంది, లొంగకూడదు. మాను చుట్టూ తాడు చుట్టినట్టు అడ్డగీతలు వేసుకుంటే, ఆ వంపులు ఏ వైపు తెరుచుకుంటున్నాయన్న దాన్ని బట్టి కొస మన వైపు ఉందో అవతలికి పోతోందో తేలిపోతుంది. కొసన కూర్చున్న మనిషిని కింద నుంచి చూస్తున్నాం. అరికాళ్లు, పీఠం అడుగు, గడ్డం కింది భాగం కనిపిస్తాయి. మోకాళ్లు ముందుకొచ్చి ఛాతీని కొంత కప్పేస్తాయి. నుదురు దాదాపు మాయమవుతుంది. నిల్చున్న మనిషికి తల కొలతతో ఏడున్నర తలలని లెక్కగట్టే పాశ్చాత్య పద్ధతీ, నవతాళమనే మన శిల్పుల కొలతా ఇక్కడ నేరుగా పనికిరావు. తలని, ఛాతీని, కటిని మూడు పెట్టెలుగా గీసి, ఒక్కో పెట్టె అడుగు భాగం ఎంత కనిపిస్తోందో చూసుకోవడమే దారి. వీణ దగ్గర నేర్చుకున్న పెట్టె ఇక్కడ మనిషి అవుతుంది.

ఇదంతా ఒక్క కంటి నుంచి చూసిన లోకం. లోకాన్ని గీయడానికి ఇదొక్కటే దారి అనుకుంటే పొరపాటు. సీతంపేట కొండల్లో సవరలు గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల్లో కంటి మట్టం ఉండదు. ముందు చట్రం గీసి, లోపలికి నింపుకుంటూ పోతారు. దగ్గర, దూరం అన్న తేడా లేదు, అందరికీ సమానమైన చోటు. బొబ్బిలిలో పుట్టి, మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర నేర్చుకుని వచ్చిన అంట్యాకుల పైడిరాజు గారు లోతుని వద్దనుకుని జానపద గీతని ఎంచుకున్నారు. శ్రీకాకుళంలో డ్రాయింగ్ మాస్టారి ఇంట 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు చందమామ, యువ పత్రికల్లో మంచు పట్టినట్టు రంగు పలచబరిచి దూరాన్ని చూపించారు. లోతు వద్దనుకోవడానికైనా అది చేతిలో ఉండాలి. డిజైన్ విద్యార్థికి ఎంచుకునే హక్కు నేర్చుకున్నాకే వస్తుంది.

మన రాష్ట్రంలో జాతీయ డిజైన్ సంస్థ 2015 నుంచి పనిచేస్తోంది. డిజైన్ చదువులో చేరడానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షలో చేత్తో బొమ్మ గీసే భాగం ఉంది. దానికోసం మన పిల్లలు వేరే ఊళ్లకి కోచింగ్‌కి వెళుతున్నారు. వెళ్లనివ్వండి. కానీ వెళ్లే ముందు ఒక నెల రోజులు రబ్బరు పక్కనపెట్టి, రెండు రూపాయల బాల్‌పెన్‌తో సొంత ఊళ్లో కూర్చోమనండి. గీత వేసే ముందు చేతిని భుజం నుంచి గాల్లో రెండుసార్లు ఆడించి, ఒకే దెబ్బకి లాగమనండి. తప్పిన గీతని చెరపకుండా, పక్కన సరైనది వేయమనండి. బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ తీసేసి లెక్కలకి ఇచ్చే హెడ్మాస్టర్లకి ఒక మనవి: పైన చెప్పినదంతా లెక్కలే. ఆ పీరియడ్ వెనక్కి ఇచ్చి, పిల్లల్ని ఒకసారి గేటు బయటికి తీసుకెళ్లండి.