సున్నా పడిన గడి

వయసెంత, బీపీ ఎంత, కొలెస్ట్రాల్ ఎంత, షుగర్ ఉందా, సిగరెట్టు తాగుతారా అని అడిగి, రాబోయే పదేళ్ళలో మీకు గుండె జబ్బు వచ్చే అవకాశం ఇంత శాతం అని డాక్టర్లు చెబుతుంటారు. ఈ లెక్క వంశవృక్షాన్ని పైకి తడుముకుంటూ వెళితే 1962లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్ రాసిన ఒక పత్రం దగ్గర ఆగుతాం. న్యూయార్క్‌లో పుట్టిన ఈయన డిగ్రీలో చదివింది చరిత్ర. గణాంక శాస్త్రాన్ని సర్కారు కొలువులో ఉంటూ నేర్చుకున్నారు. పీహెచ్‌డీ లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో చేరాక వైద్య పరిశోధకులు తెచ్చిచ్చే అంకెల మీద పనిచేశారు. ఆ పనితనం అర్థం కావాలంటే ముందు ఆయన ముందున్న పట్టికను చూడాలి.

ఆ అంకెలు మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరివి. 1948లో మొదలైన అధ్యయనంలో అక్కడి 5,209 మంది స్త్రీపురుషులను చేర్చుకుని, రెండేళ్ళకోసారి పిలిచి పరీక్షలు చేస్తూ వచ్చారు. మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొలతలన్నీ రాసిపెట్టుకుని, తర్వాత ఎవరికి జబ్బు వస్తుందో కనిపెట్టుకుని ఉండటం వారి పద్ధతి. కార్న్‌ఫీల్డ్ తీసుకున్నది 40 నుంచి 59 ఏళ్ళ మధ్య ఉన్న 1,329 మంది మగవాళ్ళ లెక్క. ఆరేళ్ళలో వారిలో 92 మందికి గుండె ధమనుల జబ్బు బయటపడింది.

కొలెస్ట్రాల్‌ను నాలుగు వరుసలుగా, పై బీపీని నాలుగు నిలువులుగా పేరిస్తే పదహారు గళ్ళు వస్తాయి. రెండూ తక్కువగా ఉన్న మూల గడిలో 119 మంది, వారిలో జబ్బు పడినవారు ఇద్దరు. కొలెస్ట్రాల్ 260, బీపీ 167, ఆపైన ఉన్న ఎదురు మూలలో 44 మంది, జబ్బు పడినవారు 11 మంది. అంటే నలుగురిలో ఒకరు. ఇంతవరకు ఎవరూ కాదనరు. ఇప్పుడు మధ్యలోకి రండి. కొలెస్ట్రాల్ 200–219, బీపీ 147–166 ఉన్న గడిలో 43 మంది ఉన్నారు. జబ్బు వచ్చినవారు సున్నా. అదే బీపీతో, కొలెస్ట్రాల్ ఇంకా తక్కువగా ఉన్న పై గడిలో 50 మందికి ముగ్గురు. బీపీ ఒక మెట్టు తక్కువగా ఉన్న పక్క గడిలో 100 మందికి ఇద్దరు. మరి ఆ 43 మందిలాంటి వాడొకడు క్లినిక్‌కి వస్తే నీకేం భయం లేదని పంపించేయాలా?

బీపీ ఒక్కదాన్నే విడిగా చూసినా ఇదే వరస. 117 లోపు ఉన్న 156 మందిలో 3. 117–126 మధ్య 252 మందిలో 17. ఇంకా పైకెళ్ళి 127–136 దగ్గర 284 మందిలో 12 మందే. పెరిగిన ముప్పు మళ్ళీ తగ్గింది. ఈ ఎత్తుపల్లాలు గుండెవి కావు, గడిలో మనుషులు చాలకపోవడం వల్ల వచ్చినవి. పట్టికలో ప్రతి గడికీ తనలో ఉన్నవాళ్ళ సంగతి తప్ప పక్క గడి సంగతి తెలియదు. అందులో ఇంకో అంశం కలిపితే గళ్ళు మూడింతలో నాలుగింతలో అవుతాయి, మనుషులు మాత్రం అంతే.

కార్న్‌ఫీల్డ్ ఇక్కడ ప్రశ్నను తిరగేశారు. ఇంత బీపీ ఉన్నవాళ్ళలో ఎందరికి జబ్బు వచ్చిందన్న ప్రశ్నను పక్కన పెట్టి, జబ్బు వచ్చిన 92 మంది బీపీలు ఎలా పరుచుకున్నాయి, రాని 1,237 మంది బీపీలు ఎలా పరుచుకున్నాయి అని చూశారు. కళ్ళంలో పక్కపక్కనే పోసిన రెండు ధాన్యపు రాశుల్లా ఇవి శిఖరం దగ్గర విడిగా, అడుగున ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఒక కొలత దగ్గర నిలబడి రెండు రాశుల ఎత్తులను పోల్చి, మొత్తం మీద జబ్బు పడినవారి, పడనివారి నిష్పత్తితో గుణిస్తే అసలు ప్రశ్నకు జవాబు వచ్చేస్తుంది. ఇది బేస్ సూత్రం, కొత్తదేమీ కాదు. కొత్తదనం ఆ తర్వాతి మెట్టులో ఉంది. రెండు రాశులూ గంట ఆకారంలో, ఒకే వెడల్పుతో ఉంటే, వాటి ఎత్తుల నిష్పత్తికి సంవర్గమానం, అదే లాగరిథమ్, తీసుకున్నప్పుడు వంపులన్నీ పోయి సరళరేఖ మిగులుతుంది.

కానీ బీపీ అంకెలు గంట ఆకారంలో ఉండవు. ఎక్కువ వైపు తోక సాగి ఉంటుంది. అందుకని ఆయన ప్రతి బీపీ నుంచి 75 తీసేసి, మిగిలినదానికి లాగరిథమ్ కట్టారు. 115, 155, 235 అనే మూడు బీపీలు తీసుకోండి. 75 తీసేస్తే 40, 80, 160. ప్రతిదీ ముందుదానికి రెట్టింపు, కాబట్టి లాగరిథమ్ మెట్ల మీద మూడూ సమాన దూరంలో కూర్చుంటాయి. సాగిన తోక లోపలికి ముడుచుకుంది. కొలెస్ట్రాల్‌కు మామూలు లాగరిథమ్‌తోనే పని జరిగింది. ఈ 75 ఏ శరీరధర్మం నుంచీ పుట్టలేదు, అంకెలను చేత్తో పట్టుకుని సరిచూసుకుంటూ కుదిర్చినది. నాకు ఆ పత్రం మొత్తంలో బాగా నచ్చేది ఈ చిన్న తీసివేతే.

ఇక మిగిలింది మూడు సంఖ్యలు: ఒకటి పునాది, మిగతా రెండూ కొలెస్ట్రాల్, బీపీల బరువులు. మనిషి కొలతలను వాటి బరువులతో గుణించి, పునాదికి కలిపి, ఆ మొత్తాన్ని తిరిగి శాతంలోకి మారిస్తే ఎస్ ఆకారపు వంపు వస్తుంది. కొలతలు ఎంత తక్కువైనా అది సున్నాను తాకదు, ఎంత ఎక్కువైనా నూరు దాటదు. ఆ మూడు సంఖ్యల్లో 1,329 మందీ ఉన్నారు. సున్నా పడిన గడికి ఇప్పుడు దాని ఇరుగుపొరుగు గళ్ళే సాక్ష్యం చెబుతాయి, అక్కడా ఒక నమ్మదగిన శాతం నిలుస్తుంది.

రెండు రాశులను వేరు చేయడానికి కార్న్‌ఫీల్డ్ వాడిన ఈ పనిముట్టును 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఐరిస్ పూల జాతులను వేరు చేయడానికి తయారుచేశారు. దాన్ని రెండుకు మించిన సమూహాలకు విస్తరించిన 1948 నాటి పత్రం మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుది.

1967లో జీన్ ట్రూయెట్, కార్న్‌ఫీల్డ్, ఫ్రామింగ్‌హామ్ వైద్యుడు విలియం కానెల్ కలిసి ఈ యంత్రానికి ఏడు అంశాలు బిగించారు: వయసు, కొలెస్ట్రాల్, పై బీపీ, బరువు, హిమోగ్లోబిన్, సిగరెట్లు, ఈసీజీలో తేడా. 12 ఏళ్ళ లెక్క, 2,187 మంది మగవాళ్ళు, 2,669 మంది ఆడవాళ్ళు. ఏడు అంశాలను మూడేసి మెట్లుగా విడగొడితే వచ్చే గళ్ళు కూడా సరిగ్గా 2,187. మగవాళ్ళను గడికొకరు చొప్పున కూర్చోబెట్టాలన్నమాట! పది అంశాలైతే 59,049 గళ్ళనీ, గడికి పదిమంది చొప్పున చూసినా దాదాపు 6 లక్షల మంది కావాలనీ వాళ్ళే రాశారు. అధ్యయనం మొదలైనప్పుడు ఆ ఊరి జనాభా 28 వేలు.

పరీక్షించిన తీరు కూడా చూడదగ్గదే. సమీకరణం చెప్పిన ముప్పు ప్రకారం అందరినీ వరుసలో నిలబెట్టి, పది సమాన భాగాలు చేసి, ప్రతి భాగంలో ఎందరికి జబ్బు వస్తుందని లెక్క చెప్పిందో, నిజంగా ఎందరికి వచ్చిందో పక్కపక్కన పెట్టారు. రెండూ దగ్గర దగ్గరగానే నడిచాయి. అయితే ఏ జనం మీద తయారుచేశారో ఆ జనం మీదే పెట్టిన పరీక్ష అది. పైగా సిగరెట్ల లెక్క, ఈసీజీ తేడా గంట ఆకారంలోకి ఒదిగేవి కావు. ఆ ఆకారంతో పనిలేకుండానే బరువులు కట్టే పద్ధతిని అదే ఏడాది వాకర్, డంకన్ ఇచ్చారు.

అసలు పరీక్ష పరాయి జనం దగ్గర జరగాలి. 2001లో రాల్ఫ్ డాగొస్టినో బృందం ఫ్రామింగ్‌హామ్ లెక్కను వేర్వేరు జాతుల వారిపై పెట్టి చూస్తే, అమెరికాలోని జపనీయుల్లో, హిస్పానిక్ మగవాళ్ళలో అది ముప్పును ఎక్కువ చేసి చూపింది. బరువులను అలాగే ఉంచి, పునాదిని, సగటులను ఆ జనానివి పెడితే సరిపోయింది. ఏ భాగానికా భాగం విడదీసి మార్చుకోగలిగేలా ఉండటమే ఈ నిర్మాణం ఇంతకాలం బతకడానికి కారణమని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 21 ప్రాంతాలకు విడివిడిగా ఇచ్చిన ముప్పు పట్టికలూ ఇలా స్థానిక లెక్కలతో సరిదిద్దినవే. వాటిలో దక్షిణాసియాకు వేరే పట్టిక ఉంది. రక్తపరీక్షకు వీల్లేని చోట కొలెస్ట్రాల్, షుగర్ బదులు ఎత్తుకు తగ్గ బరువు చూసుకునే రకమూ ఉంది. కాబట్టి ఎవరైనా మీకు శాతం చెబితే అది ఏ పట్టికదో అడగండి.

ఇంకొక్క మాట. ఫ్రామింగ్‌హామ్ లెక్కలో చేరేనాటికి ఆ 1,329 మందిలో ఎవరికీ గుండె జబ్బు లేదు. స్టెంటు వేయించుకున్నవారికి, ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఈ శాతాలు వర్తించవు. ఛాతీ పట్టేసినట్టుగా ఉంటే లెక్కలు చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.