సర్వపిండి: వేళ్ళు చేసే వంట

కరీంనగర్ వైపు ఇష్టంగా చేసుకునే ఈ బియ్యప్పిండి అప్పానికి తెలంగాణలో తలా ఒక పేరు. సర్వపిండి, సర్వప్ప, గిన్నప్ప, గంజుపిండి అంటారు. తపేలా చెక్క అనేవాళ్ళూ ఉన్నారు. లోపల పడే పల్లీలకూ నువ్వులకూ ఏ పేరులోనూ చోటు లేదు, సర్వ, గిన్నె, గంజు, తపేలా, అన్నీ పాత్రల పేర్లే. స్పెయిన్‌లో వలెన్సియా వాళ్ళూ తమ పేరుమోసిన బియ్యపు వంటకాన్ని అది ఉడికే వెడల్పాటి పెనం పేరుతోనే పయేయా అన్నారు. పనితనమంతా పాత్ర దగ్గరే ఉందని అక్కడా ఇక్కడా వండేవాళ్ళకు తెలుసు.

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిపొరక, కల్యామాకు, కారం, ఉప్పు వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతారు. ముద్ద గట్టిగా ఉంటే పగుళ్ళిస్తుంది. జారుగా ఉంటే సర్వ గోడను పట్టుకోక అడుగుకు దిగిపోతుంది.

నూనె రాసిన సర్వలో ముద్ద పెట్టి, వేళ్ళు తడుపుకుంటూ అడుగు నుంచి గోడల మీదికి పలుచగా ఒత్తుతారు. గోధుమపిండిలా సాగే గుణం దీనికి లేదు, ఎంత పలుచన కావాలన్నా వేళ్ళే చెయ్యాలి. ఆపైన వేలితో అక్కడక్కడ తూట్లు పొడిచి, ఒక్కోదాంట్లో కాస్త నూనె వేస్తారు. ఆ నూనె కిందికి దిగి అడుగును ఎర్రగా వేయిస్తుంది. మూత కింద నిలిచిన ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది. అందుకే సర్వపిండిని తిరగెయ్యరు.

ఆదిలాబాద్ సరిహద్దు దాటితే మహారాష్ట్రలో థాలీపీఠ్‌కూ ఇలాగే తూటు పెట్టి నూనె వేస్తారు. కాని దాన్ని పెనం మీద రెండువైపులా కాలుస్తారు.

ఒకటి తీయగానే మరొకటి ఒత్తబోతే చెయ్యి కాలుతుంది. సర్వను బోర్లించి నీళ్ళు పోసి చల్లార్చాలి, లేదా రెండు పాత్రలు మార్చి మార్చి వాడాలి. మంట సన్నగానే ఉండాలి. పెంచితే పిండి లోపల పచ్చిగా ఉండగానే అడుగు మాడుతుంది.

ఇప్పుడు చాలా ఇళ్ళలో నాన్‌స్టిక్ పెనం మీదే చేస్తున్నారు. పని సులువు, రుచికీ లోటు లేదు. సర్వలో చేసినదానికైతే అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది, అడుగు ఎర్రగా గట్టిపడుతుంది. చేసినవాళ్ళ నేర్పు తెలియాలంటే తినేముందు ఒకసారి తిప్పి చూడండి. ఎరుపు ఎక్కడా మాడకుండా, ఎక్కడా తెల్లబోకుండా ఉంటే ఆ వేళ్ళు పిండిని అంతటా సమంగా ఒత్తినట్టే.