ఎనిమిదంకెల తర్వాత ఎంటర్

ఉగాది భోజనాలకు ఎవరెవరు వస్తున్నారో జాబితా తీయమని మస్కట్ రూవీలోని మా తెలుగు మిత్రులు ఆ పని నా నెత్తిన పెట్టారు. కంప్యూటర్లవాణ్ని కదా! శుక్రవారం సెలవు. టీ పెట్టుకుని ఫైలు తెరిస్తే, మెసేజీల్లోంచి అతికించేటప్పుడు ఎంటర్లన్నీ ఎగిరిపోయాయి. పేరు, ఎంతమంది, ఫోను, వెంటనే ఇంకో పేరు. 62 కుటుంబాలు ఒకే వరుస. మా తాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాతే నయం.

ఇలాంటప్పుడు నేను తీసేది సెడ్. బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ 1973–74లో రాసిన పనిముట్టు. పూర్తి పేరు స్ట్రీమ్ ఎడిటర్. ఒమన్‌లోని నిజ్వాలో ఫలజ్ దారిస్ అనే సాగునీటి కాలువ గట్టున కూర్చున్నప్పుడు ఆ పేరు నా బుర్రకెక్కింది. కాలువ పారుతూనే ఉంటుంది, వంతు వచ్చిన తోటకు మడవ తిప్పుతారు. సెడ్ కూడా ఫైలును పారనిచ్చి, చెప్పినచోట తిప్పుతుంది. ప్రత్యేకంగా అడిగితే తప్ప అసలు ఫైలు జోలికి పోదు.

ఎక్కడ తెంచాలన్నదే తలనొప్పి. కామా దగ్గర తెంచితే తల్లి ఒక వరుసలో, ‘ఇద్దరు పిల్లలు’ కింది వరుసలో పడతారు. తాటాకుల మీద పద్యాన్ని ఏకబిగిన రాసేవారు. చదివేవాడు ప్రాస పట్టుకుని పాదం విడదీసుకునేవాడు. నాకు ఆ ప్రాస ఫోను నంబర్లలో దొరికింది. ఒమన్ మొబైల్‌కు 8 అంకెలు. వరుసగా 8 అంకెలు కనిపిస్తే వాటిని అలాగే ఉంచి, వెనక ఎంటర్‌కు గుర్తుగా ఒక బ్యాక్‌స్లాష్ ఎన్ పెట్టమన్నాను. ‘అలాగే ఉంచు’ అనడానికి ఒక్క ఆంపర్‌సాండ్ చాలు.

మొదట మా అబ్బాయి పాత మ్యాక్‌లో కొట్టాను. వరుసలు తెగలేదు సరికదా, ప్రతి నంబరు తోకకూ ఇంగ్లిషు ‘ఎన్’ వేలాడింది. ఆ సెడ్ ఆచారం వేరు: బ్యాక్‌స్లాష్ కొట్టి నిజంగానే ఎంటర్ నొక్కాలి. నా లినక్స్‌లోని గ్నూ సెడ్ మాత్రం చెప్పినట్టు విన్నది.

62 వరుసలూ వచ్చాయి. కానీ ఒకావిడ పేరు ముందు 47 అని ఉంది. వయసేమో అనుకున్నాను. పై వరుస చూస్తే సంగతి తెలిసింది. అందులో ఉన్నాయనెవరో ఈ మధ్యే దిగినట్టున్నాడు, ఇంకా ఊరి నంబరే ఇచ్చాడు, 10 అంకెలు. సెడ్ 8 దగ్గర కోసేసింది. మళ్లీ కలపమందామంటే, అది ఒక్కో వరుసనూ చివరి ఎంటర్ తీసేసి చదువుతుంది. కింది వరుసను కూడా లాక్కురమ్మని వేరే ఆజ్ఞ ఇస్తే తప్ప ఆ ఎంటర్ దానికి కనబడదు.

టీ చల్లారిపోతోంది. డిలీట్ నొక్కి 47ను చేత్తోనే ఆయనకు అప్పజెప్పాను.