చదివింపుల పద్దు

పిల్లల కాలేజీ చదువుకి తల్లిదండ్రులు డబ్బు పెట్టాలా, మొదటి బండో కారో కొనివ్వాలా అన్న చర్చ ఇప్పుడు మన ఇళ్ళల్లో కూడా వినిపిస్తోంది. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన బంధువులు, పద్ధెనిమిదేళ్ళు నిండాక పిల్లలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలంటారు. ఇక్కడివాళ్ళు పిల్లల చదువు కోసం పొలం అమ్మడానికైనా వెనకాడమని గర్వంగా చెప్తారు. ఈ రెండు పక్షాలూ ఒక్క విషయంలో కలుస్తాయి. తల్లిదండ్రులంటే ఒకే జేబనీ, పిల్లలంటే అందరూ ఒకటేననీ ఇద్దరూ అనుకుంటారు. మన సాహిత్యం మాత్రం ఎప్పుడూ అలా అనుకోలేదు. ఆ జేబు ఎవరిది, అందులోంచి తీసిన డబ్బు ఎవరి మీద పెట్టారు, ఎవరి పేరున రాసుకున్నారు అన్నవి మన రచనల్లో అడుగడుగునా కనిపిస్తాయి. చదివే మనమే వాటిని దాటుకుంటూ వచ్చాం.

గురజాడ 'కన్యాశుల్కం'లో, 1909లో వచ్చిన రెండో కూర్పులో, అగ్నిహోత్రావధాన్లు ఇంటి సన్నివేశం చూడండి. పట్నంలో ఇంగ్లీషు చదువుతున్న వెంకటేశం ఇంటికొస్తాడు. పరీక్ష తప్పాడు. పుస్తకాలకి మళ్ళీ డబ్బు కావాలి. తండ్రి ఇక పెట్టనంటాడు. అప్పుడు వెంకమ్మ, పసుపు కుంకుమల కింద తన పుట్టింటివాళ్ళు ఇచ్చిన భూమి అమ్మైనా కొడుక్కి చదువు చెప్పిస్తానంటుంది. కొడుకు మునసబు అయిపోతాడని ఆ తల్లి కల. గిరీశం చేతిలో ఆ చదువు ఏమవుతుందో మనకి ముందే తెలుసు కాబట్టి ఆ సన్నివేశాన్ని నవ్వుకుంటూ చదువుతాం. అమాయకపు తల్లి, దండగమారి కొడుకు అనుకుని పేజీ తిప్పేస్తాం.

అక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ ఇంట్లో పిల్లలు ముగ్గురు. కొడుకు చదువు ఖర్చు. చిన్నకూతురు సుబ్బి రాబడి, ముసలి లుబ్ధావధాన్లకి అమ్మడానికి బేరం కుదిరింది. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువైంది. ఆమెకి చదువు చెప్పిద్దామన్న మాట తల్లి నోటా రాదు, తండ్రి నోటా రాదు. సుబ్బి పెళ్ళి ఆపడానికి వెంకమ్మ ఏం చేసింది? నూతిలో దూకింది. కొడుకు చదువుకైతే ఆమె చేతిలో భూమి ఉంది. కూతురి బతుక్కి ఒడ్డడానికి ఆమెకి మిగిలింది ఒళ్ళొక్కటే. ఆస్తి కొడుక్కీ, ప్రాణం కూతురికీ.

కూతుళ్ళంటే వెంకమ్మకి ప్రేమ లేదని దీని అర్థం కాదు. నూతిలో దూకిన మనిషి ప్రేమని శంకించడానికి మనమెవరం? అయితే, స్త్రీధనాన్ని దేనికి ఖర్చు పెడితే లోకం ఒప్పుకుంటుందో ఆమెకి బాగా తెలుసు. కొడుకు చదువుకి భూమి అమ్మితే త్యాగం అంటారు. మొగుణ్ణి ఎదిరించి కూతురి పెళ్ళి ఆపడానికి అదే భూమి అమ్ముతానంటే ఆ మాటకి ఆ ఊళ్ళో పేరే లేదు. ఆడదానికి ఆస్తి ఉండడం వేరు, ఆ ఆస్తిని తన ఇష్టానికి వాడుకునే భాష ఉండడం వేరు. గురజాడ ఈ తేడాని ఎక్కడా వ్యాఖ్యానించలేదు. రెండు ఘటనలనీ ఒకే ఇంట్లో పెట్టి ఊరుకున్నాడు.

సుమారు ఎనభై ఏళ్ళ తర్వాత పి. సత్యవతి 'ఇల్లలకగానే' రాశారు. ఇల్లు అలికి అలికి తన పేరు మర్చిపోయిన గృహిణి కథ అది. పేరు అడగడానికి ఆమె పుట్టింటికి వెళ్తుంది. తల్లి జవాబులో పేరు ఉండదు, లెక్క ఉంటుంది. పెద్దకూతురివి, బి.ఏ. దాకా చదివించాం, యాభైవేల కట్నమిచ్చి పెళ్ళి చేశాం, రెండు పురుళ్ళు పోశాం అన్న ధోరణిలో సాగుతుంది. ఈ కథని మనం గృహిణి అస్తిత్వం గురించిన కథగానే చదువుతూ వచ్చాం. ఆ చదువు సరైనదే. నాకు మాత్రం తల్లి అప్పజెప్పిన ఆ పద్దే ఎక్కువ భయం పుట్టించింది. చదువూ, కట్నమూ, పురుడూ ఒకే వరసలో ఉన్నాయి. అంటే బి.ఏ. కూడా పెళ్ళి ఖర్చుల్లో ఒకటి. డబ్బు పెట్టారు, ప్రేమగానే పెట్టారు, అయినా ఆ పద్దు చివర మనిషి మిగల్లేదు. ఆమె పేరు శారద అని తిరిగి ఇచ్చింది చిన్ననాటి స్నేహితురాలు. ఆ స్నేహితురాలు శారద మీద రూపాయి ఖర్చు పెట్టిన మనిషి కాదు.

మన భాషలో ఒక చిత్రం ఉంది. బడికి పంపడం చదివించడం. పెళ్ళిపీటల దగ్గర బంధువులు డబ్బో వస్తువో ఇస్తే, అది పైకి చదివి వినిపిస్తారు కాబట్టి అవి చదివింపులు. ఆడపిల్ల విషయంలో ఈ రెండు మాటలకీ మధ్య ఉన్న గీత చాలా పలచన.

చట్టం కూడా ఆ గీతని గట్టిగా గియ్యలేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం అని ఉంది. పెళ్ళికాని కూతురి విషయంలో దానికి పెళ్ళి ఖర్చులు కూడా కలిపారు. మైనారిటీ తీరిన కొడుక్కి ఆ చట్టం కింద కాలేజీ ఫీజు అడిగే హక్కు లేదు. తనను తాను పోషించుకోలేని పెళ్ళికాని కూతురికి ఉంది. చూడ్డానికి ఇది కూతురి వైపే మొగ్గినట్టుంటుంది. ఆచరణలో మాత్రం హక్కు లేని కొడుక్కి ఫీజు అడక్కుండానే అందుతుంది. హక్కున్న కూతురికి అడిగే నోరుండదు. చదువునీ పెళ్ళినీ చట్టమే ఒక గాట కట్టాక, ఇళ్ళల్లో విడదీసేదెవరు?

2025 జనవరిలో ఒక విడాకుల కేసులో, చదువు ఖర్చుల్ని తల్లిదండ్రుల నుంచి పొందే హక్కు కూతురికి చట్టబద్ధంగా ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఐర్లండ్‌లో చదువుతున్న ఆ అమ్మాయికి తండ్రి 43 లక్షలు ఇచ్చాడు. ఆమె ఆత్మగౌరవం అడ్డొచ్చి వెనక్కి తీసుకొమ్మంది. తండ్రి తీసుకోలేదు. ఆ డబ్బు ఉంచుకునే హక్కు ఆమెకుందని కోర్టు తేల్చింది. ఈ తీర్పు నన్ను ఆలోచనలో పడేసింది. తండ్రి డబ్బు తీసుకుంటే తల వంచాల్సి వస్తుందని ఆ అమ్మాయికి ఎందుకనిపించింది? అదే ఇంట్లో కొడుకుంటే అతనికి అలా అనిపించేదా?

మన అమ్మాయిలు కొందరు దీనికి జవాబుగా విద్యారుణం చూపిస్తారు. బ్యాంకు అప్పు మనదే, తీర్చేదీ మనమే, నాన్నకి రుణపడక్కర్లేదు అంటారు. వినడానికి బాగుంటుంది. కాని ఆ అప్పు కాగితం మీద సహరుణగ్రహీతగా సాధారణంగా నాన్న సంతకమే ఉంటుంది. పెళ్ళిచూపుల నాడు, ఆ అప్పు ఇక ఎవరు కడతారన్న ప్రశ్న అబ్బాయి తరఫు నుంచి వస్తుంది. నాతో హాస్టల్లో ఉన్న ఒకామె జీతం అప్పుకి పోతుందన్న కారణంతో సంబంధం తప్పిపోయింది. మగపిల్లాడి విద్యారుణం గురించి అలాంటి ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. పైగా అతని చదువుకైన ఖర్చు కట్నంగా ఇంకో ఇంటినుంచి తిరిగొస్తుంది. అంటే ఒక ఆడపిల్ల తండ్రి తన కూతురి చదువుకీ, ఇంకొకరి కొడుకు చదువుకీ కూడా డబ్బు కడుతున్నాడన్నమాట.

కారు సంగతీ అంతే. మధ్యతరగతి తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్ల కోసం తండ్రి కొనే మొదటి కారు చాలాసార్లు పెళ్ళిలో కొనేదే. తాళాలు అల్లుడికిస్తారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమే. ఎవరైనా పుచ్చుకున్నా, మూడు నెలల్లో దాన్ని భార్యకి అప్పగించాలి. ఆ కారు ఎవరి పేరున రిజిస్టరైందో, స్టీరింగు వెనక ఎవరు కూర్చుంటున్నారో మన కథల్లో ఇంకా ఎవరైనా వివరంగా రాయాల్సి ఉంది.

ఇక అసలు లెక్క ఆస్తి పంపకాల దగ్గర బయటపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టం పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005 సవరణ దేశమంతటా కూతుళ్ళందరికీ ఇచ్చింది. అయినా కూతురు వాటా మాటెత్తితే వినిపించే జవాబు మనందరికీ తెలిసిందే: చదివించాం కదా, కట్నమిచ్చాం కదా, ఇంకేం కావాలి? మా అమ్మ గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి నా ఎం.ఏ. ఫీజు కట్టింది. తరవాత ఇంట్లో సంతకాల రోజున, నీ చదువుకి మేం ఎంత పెట్టామో తెలుసా అని బంధువులు గుర్తు చేశారు. ఆ మేంలో అమ్మ గాజులు లేవు. అన్నయ్య ఇంజనీరింగ్ ఫీజు అతని వాటాలోంచి తగ్గించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అతని చదువు తల్లిదండ్రుల బాధ్యత, నాది వాళ్ళ ఔదార్యం.

కాబట్టి తల్లిదండ్రులు చదివించాలా అంటే, చదివించాలనే నా జవాబు. శక్తి ఉన్నంతవరకు, కొడుక్కెంతో కూతురికంత. పద్ధెనిమిదేళ్ళకే ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలన్న స్వేచ్ఛ మన దగ్గర ఆడపిల్ల మీదికొచ్చేసరికి పెళ్ళి దారిగా మారిపోతుంది. కాని ఆ ఖర్చుని పెళ్ళి పద్దులోంచి తీసెయ్యాలి. వాటాకి బదులుగా చూపించకూడదు. అమ్మ పెట్టిన డబ్బుని అమ్మ పేరునే రాయాలి. ఇవి ఇళ్ళల్లో జరగాల్సిన పనులు. విమర్శకులుగా మనం చెయ్యాల్సిందీ ఒకటుంది. రచనల్లో డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడల్లా దాన్ని నేపథ్యంగా వదిలెయ్యకుండా, అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో చదవాలి.

'కన్యాశుల్కం' చివర బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదువు చెప్పించాలని సౌజన్యారావు పంతులు నిర్ణయిస్తాడు. ఆ ఇంటి ఆడపిల్ల చదువు గురించి అంత ఖచ్చితంగా మాట్లాడినవాడు ఒక బయటి వకీలు. అదీ ఆమె ఇల్లు విడిచి వచ్చేశాక. వెంకమ్మ భూమి గురించి ఆ తర్వాత నాటకంలో ఎవరూ అడగరు. మనం అడగాలి.